ఆకలితో పోయినవాళ్ళను ఎవరు చంపినట్టు?

ఈమధ్య ఒక తెలుగు ట్రావెల్ వీడియో చూశాను. కుర్రాడు ఆంకోర్ వాట్ చూసుకుని కంబోడియా రాజధాని నాంపెన్ వచ్చాడు. అక్కడ టుక్‌టుక్ మాట్లాడుకుని ఊరి బయట, ఒకప్పుడు ఖైదీలను చంపి పాతిపెట్టిన చోయుంగ్ ఎక్‌కి వెళ్ళాడు. స్తూపంలో అద్దాల వెనక అరలరలుగా పేర్చిన పుర్రెల ముందు నిలబడి, "ఫ్రెండ్స్, ముప్పై లక్షల మందిని ఇలాగే కొట్టి చంపేశారు" అన్నాడు. కింద కామెంట్లన్నీ ఏడుపు బొమ్మలే.

1975 నుంచి 1979 దాకా కంబోడియాను ఏలింది పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్. ముప్పై లక్షలన్నది 1979లో వాళ్ళను తరిమేసి వియత్నాం అండతో వచ్చిన ప్రభుత్వం ప్రచారం చేసిన అంకె. తర్వాత ఖ్మేర్ రూజ్ నాయకులను విచారించిన కోర్టు కోసం జనాభా నిపుణులు కట్టిన లెక్క 17 లక్షల 47 వేలకూ 22 లక్షలకూ మధ్య తేలింది. దేశ జనాభాయే దాదాపు 78 లక్షలు కాబట్టి ఇదేం చిన్న అంకె కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన పనీ లేదు. అయినా వీడియోలో నన్ను ఆపింది అంకె కాదు. "ఇలాగే కొట్టి" అన్నాడు చూడండి, అదీ. అదే నిపుణులు నేరుగా హింసకు బలైనవాళ్ళు సుమారు 8 లక్షలని చెప్పారు. అంటే పోయినవాళ్ళలో సగానికి పైగా మంది పుర్రెల మీద ఏ దెబ్బా ఉండదు. వాళ్ళు అంబలి చాలక, ఒళ్ళు నీరుపట్టి, విరేచనాలతో, మలేరియాతో పోయారు. పొలం గట్ల మీదా కాలవ పక్కనా ఎక్కడ పోయినవాళ్ళను అక్కడే పాతిపెట్టారు. టూరిస్టులకు చూపించడానికి అక్కడేం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఆ రెండో సగం కూడా హత్యే. చేతగాని పాలనలో కరువొచ్చి జనం పోయారని చెప్పుకోవడం పాలకులకు పనికొచ్చే కథ. కంబోడియాలో ఆ నాలుగేళ్ళూ ఆకలే పాలించిన పద్ధతి. పైగా వాళ్ళకు తూటా కంటే ఆకలే ఎక్కువ కలిసొచ్చింది. తూటా పేల్చినవాడు ఒకడు కళ్ళముందు ఉంటాడు. ఆకలి చావులో కళ్ళముందు కనబడేది ఇంట్లోవాళ్ళే.

మూడు రోజులన్నారు

1975 ఏప్రిల్ 17. ఖ్మేర్ కొత్త సంవత్సరం పండగ అప్పుడే అయింది. ఖ్మేర్ రూజ్ సైనికులు, నల్లబట్టల కుర్రాళ్ళు, నాంపెన్‌లోకి వచ్చారు. యుద్ధం అయిపోయిందని జనం రోడ్ల మీదకొచ్చి సంతోషపడ్డారు కూడా. గంటల్లోనే మైకుల్లో మొదలైంది, అందరూ ఊరు ఖాళీ చెయ్యాలి, అమెరికా వాడు బాంబులు వేస్తాడు, రెండు మూడు రోజుల్లో తిరిగి రావచ్చు, ఎక్కువ సామాను అక్కర్లేదు అని. యుద్ధానికీ బాంబులకీ భయపడి పల్లెల నుంచి వచ్చినవాళ్ళతో కలిపి అప్పుడు ఊళ్ళో ఇరవై లక్షల దాకా జనం ఉన్నారు. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ ఎండలుండే నెలలో వాళ్ళందరినీ రోడ్డెక్కించారు. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళను కూడా వదల్లేదు. సెలైన్ సీసా పట్టుకుని మంచాన్ని తోసుకుంటూ వెళ్ళిన కుటుంబాలను చూశామని అప్పుడక్కడున్న విదేశీ విలేకరులు రాశారు.

మూడు రోజులన్న మాట నమ్మి ఇంటికి తాళం వేసుకుని బయల్దేరినవాళ్ళు వేలల్లో ఉన్నారు. డబ్బు మూటలు కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ డబ్బు దారిలోనే చెల్లకుండా పోయింది. జాతీయ బ్యాంకును పేల్చేశారు, బజార్లు మూసేశారు. పల్లెల్లో ముందునుంచీ ఉన్నవాళ్ళు "పాత జనం", పట్నం నుంచి వచ్చినవాళ్ళు "కొత్త జనం" అయ్యారు. కొత్త జనానికి తిండిలోనూ పనిలోనూ అన్నిటికీ ఆఖరి స్థానమే.

మనవాళ్ళు ఈ మొదటి తరలింపు వరకే చెప్పి ఆగిపోతారు. అసలు దెబ్బ రెండోది. 1975 చివర్లో, అప్పుడప్పుడే ఏదో ఒక పల్లెలో గుడిసె వేసుకుని కుదురుకుంటున్న లక్షల మందిని మళ్ళీ లేపారు. లారీలూ పడవలూ గూడ్సు పెట్టెలూ ఎక్కించి వాయవ్యానికి, పుర్సాట్, బాటంబాంగ్ వైపు పంపారు. అది దేశానికి ధాన్యాగారం, అక్కడ చేతులు కావాలి. ఆ చేతులకు ఇల్లూ తిండీ మందూ ఏర్పాటు చేశారా అంటే, లేదు.

ఒక ఇంటి లెక్క

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, అక్కడ చిన్న డోనట్ షాపులు చాలావరకు కంబోడియా వాళ్ళవే. లాంగ్ బీచ్ దగ్గర మేమున్న అపార్ట్‌మెంటు ఎదురుగా అలాంటిదొకటి ఉండేది. కౌంటర్‌లో ఉండే ఆవిడకు అరవై దాటాయి. నన్ను "ఇండియా" అని పిలిచేది. పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉండేది కాబట్టి కాఫీ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళం. మొదట్లో మాటలన్నీ మా వంటల గురించి, వాళ్ళ వంటల గురించి. తూటికూర వాళ్ళూ తింటారని తెలిసి నేను ఉత్సాహంగా మాట్లాడబోతే, "నేను ముట్టను" అని ఊరుకుంది. ఆ సంగతి ఎందుకో చాన్నాళ్ళకు చెప్పింది.

నాంపెన్ ఖాళీ చేయించేటప్పటికి ఆవిడకు పదేళ్ళు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అమ్మ, నాయనమ్మ, అక్క, ఈవిడ, తమ్ముడు. దక్షిణంగా నడిచి టాకేవ్ వైపు ఒక పల్లె చేరారు. నాయనమ్మ ఆ మొదటి వానాకాలంలోనే పోయింది. ఆ తర్వాత గూడ్సు పెట్టెలో పుర్సాట్. అక్కను వయసుపిల్లల దళంలో వేసి కాలవ తవ్వకానికి పంపారు. అక్కడ విరేచనాలు పట్టుకుని పోయిందని ఎవరో వచ్చి చెప్పారు. నాన్నను 1977లో ఒక సాయంత్రం "చదువుకోడానికి" రమ్మని తీసుకెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రారని అప్పటికే అందరికీ తెలుసు.

తమ్ముడి సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ కౌంటర్ తుడుస్తూ నా వైపు చూడకుండా చెప్పింది. వాడు కర్రపెండలం దుంపలు దొంగిలించేవాడట. దొరికితే ఇంటిల్లిపాదికీ ముప్పు. అందుకని అమ్మ వాణ్ణి కొట్టింది, చేతులు వాచేలా కొట్టింది. నెల తిరక్కుండా వాడి మొహం, కాళ్ళు నీరుపట్టి ఉబ్బాయి. ఒక రాత్రి నిద్రలో పోయాడు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. మర్నాడు గంట కొట్టగానే రెండు గిన్నెలు తీసుకుని వెళ్ళి, వాడికి ఒంట్లో బాగాలేదని చెప్పి, వాడి వాటా అంబలి కూడా తెచ్చింది. నీళ్ళు, నాలుగు మెతుకులు, కాస్త తూటికూర. ఆ గిన్నె కూతురికి పెట్టింది. "నేను తాగాను" అంది ఆవిడ.

ఇలాంటివి ఆ ఇంట్లోనే జరగలేదు. పోయిన మనిషి వాటా కోసం చావును ఒక పూటో ఒక రోజో దాచిన సంగతి బతికి బయటపడ్డవాళ్ళ జ్ఞాపకాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. కానీ ఎవరికి వాళ్ళు అది తామొక్కళ్ళమే చేసిన పాపం అనుకుంటారు.

ఆ నాయకుల విచారణ మొదలయ్యాక అమెరికాలో ఉన్న కంబోడియన్ల దగ్గర కూడా వాంగ్మూలాలు తీసుకున్నారు. వాళ్ళమ్మాయి ఫారం తెచ్చి కూర్చోబెట్టి రాయించింది. నాన్నకు జరిగింది ఆవిడ గడగడా చెప్పేసింది, ఏ సంవత్సరం, ఏ వేళ, వచ్చినవాళ్ళు ఎందరు. మిగతావాళ్ళ దగ్గరకొచ్చేసరికి "వాళ్ళు జబ్బు చేసి పోయార్లే, అవెందుకు" అందట. అమ్మాయి పోట్లాడి రాయించింది. వాంగ్మూలం పూర్తయ్యాక కూడా తమ్ముడి విషయంలో ఆవిడ మనసులో ముద్దాయి అమ్మే, తనే.

నన్ను ఇదే పట్టుకుంది. నాన్న విషయంలో ఆవిడకు కోపం ఉంది, తమ్ముడి విషయంలో సిగ్గు ఉంది. ఇద్దరినీ తీసుకున్నది ఒకే పాలన.

బియ్యం ఎటు పోయింది

ఈ సిగ్గు ఎలా తయారైందో తెలియాలంటే బియ్యం లెక్క చూడాలి.

పార్టీ నినాదం హెక్టారుకు మూడు టన్నుల వడ్లు. యుద్ధానికి ముందు దేశంలో సగటు దిగుబడి దాదాపు ఒక టన్ను. ఎరువు లేదు, యంత్రాలు లేవు, ఎద్దులు తగ్గిపోయాయి, నాట్లు వేసేది నిన్నటిదాకా టైపు కొట్టినవాళ్ళు. అయినా మూడు టన్నులు కావాలి. స్థానిక నాయకుడు రాలేదని చెబితే వాణ్ణి శత్రువంటారు. అందుకని వచ్చిందని రాసేవాడు. రాసిన లెక్క ప్రకారం పై వాటా కట్టేవాడు. సైన్యానికి, విత్తనానికి, నిల్వకు, ఎగుమతికి తీసేశాక మిగిలిందే జనం గిన్నెలోకి. దేశంలో మనుషులు పస్తులుంటుంటే కొంత బియ్యం ఓడలెక్కి చైనాకు వెళ్ళింది.

1977–80 నాలుగేళ్ళ ప్రణాళికలో మనిషికి ఏడాదికి 312 కిలోల వడ్లని రాసుకున్నారు. దంచితే రోజుకు అర కిలో బియ్యం. అంటే మనిషి బతకడానికి ఎంత కావాలో వాళ్ళకు తెలుసు, కాగితం మీద సరిగ్గానే లెక్క కట్టుకున్నారు. ఊళ్ళో కొలత మాత్రం పాలడబ్బాతో నడిచేది, మన సోల, తవ్వ లాగా. బాగున్న రోజుల్లో మనిషికో డబ్బా. వాయవ్యంలో చెడ్డ నెలల్లో పదిమందికి ఒక డబ్బా. జబ్బుపడి పనికి రాకపోతే అందులోనూ కోత.

ఇంతవరకే అయితే అది మూర్ఖత్వం, అబద్ధపు లెక్కలు అని సరిపెట్టుకోవచ్చు. చైనాలో మావో కాలంలో అంతకుముందు జరిగింది చాలావరకు ఇదేగా అనొచ్చు. కానీ కంబోడియాలో ఇంకో మెట్టు ఉంది. 1976కల్లా చాలాచోట్ల ఇంట్లో వంట మానిపించారు. గిన్నెలు, మూకుళ్ళు, గరిటెలు అన్నీ ఉమ్మడి వంటశాలకు జప్తు. ఇంటి మీద పొగ కనిపిస్తే విచారణ. పెరట్లో కాసిన గుమ్మడికాయ కూడా "అంకార్"ది, అంటే పార్టీది. దారిలో పడిన పండు ఏరుకోవడం, చెరువుగట్టున పీత పట్టుకోవడం ఉమ్మడి ఆస్తి దొంగతనం. అలా దొరికిపోయి తిరిగిరాని పిల్లలున్నారు.

టోన్లే సాప్ సరస్సు ప్రపంచంలో చేపలు బాగా దొరికే మంచినీటి సరస్సుల్లో ఒకటి. వానాకాలంలో ఆ దేశంలో పొలంలో కూడా చేప దొరుకుతుంది. బియ్యం లేని ఏడాది కూడా ఖ్మేర్ పల్లె చేపతో, నత్తతో, ఆకుకూరతో నెట్టుకొచ్చేది. ఆ నెట్టుకొచ్చే దారులన్నీ మూసేశారు. పుర్సాట్ ఆ సరస్సు ఒడ్డు ప్రాంతం. ఆ డోనట్ షాపు ఆవిడ తమ్ముడు పోయింది అక్కడే. పంట పండకపోవడానికి చేతగానితనం కారణమని ఒప్పుకుంటాను. చేప పట్టుకుంటే శిక్షించడానికి ఏ చేతగానితనం కారణం?

తిండి ఒక్కచోటే దొరికేలా చేస్తే మనిషి అక్కణ్ణుంచి కదల్లేడు. కాపలా అక్కర్లేదు, కంచె అక్కర్లేదు. గంట కొడితే వస్తాడు, పక్కవాడి మీద చెప్పమంటే చెబుతాడు. నిల్వలేని ఇంట్లో తల్లి గిన్నెలు సరిచూసుకుంటుంది, ఎవరికి ఒక గరిటె తగ్గించాలో ఆవిడే తేల్చుకోవాలి. తేల్చవలసినవాళ్ళు నాంపెన్‌లో కూర్చుని ఉన్నారు. ఆ పాపం మాత్రం పూరిపాకలో ఉన్న తల్లి నెత్తిన పడింది.

కొందరు అడిగే ప్రశ్నలు

ఇలా అంటే వామపక్ష మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైనదే. అమెరికా సంగతేమిటి? 1973 ఆగస్టు దాకా ఆ చిన్న దేశం మీద అయిదు లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. పొలాలు పాడయ్యాయి, పశువులు పోయాయి, పల్లెలు పట్నానికి పరిగెత్తాయి. 1975 మొదట్లో నాంపెన్ విమానాల్లో వచ్చే అమెరికా బియ్యం మీద బతుకుతోంది. అది ఆగిపోతే ఇరవై లక్షల మందికి ఎక్కణ్ణుంచి తెస్తారు, జనాన్ని తిండి దగ్గరకు పంపడమే దారి కదా అని.

ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. అమెరికా పాపం అమెరికాదే, ఆ కోర్టు పరిధి 1975–79కే కట్టడి కావడంతో అది విచారణకే రాలేదు. నాంపెన్‌లో తిండి ఇబ్బంది నిజమే. కానీ తిండి దగ్గరకు పంపేవాడు ఆపరేషన్ బల్ల మీద మనిషిని లేపడు. మూడు రోజులని అబద్ధం చెప్పడు. బయటినుంచి సాయం తీసుకోవడానికి తలుపులు మూసుకోడు. అన్నిటికీ మించి ఈ వాదన రెండో తరలింపును ముట్టుకోదు. పల్లెలో ఉన్నవాళ్ళను, పంట చేతికొచ్చే వేళకు, తిండి ఏర్పాటు లేని చోటికి తోలడానికి బాంబులు కారణం కాదు.

రెండో ప్రశ్న నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. ఆకలి దేశమంతా ఒకేలా లేదు. వాయవ్యంలో ఘోరం, తూర్పున కొన్నిచోట్ల కొంతకాలం ఫరవాలేదు. అదే పద్ధతి అయితే అన్నిచోట్లా ఒకేలా ఉండాలిగా? పైవాళ్ళకు కిందిసంగతి తెలియలేదేమో?

తెలుసు. సాంఘిక వ్యవహారాల మంత్రి ఇయెంగ్ థిరిత్ 1976లో వాయవ్యం చూసి వచ్చింది. జనానికి నీడ లేదని, అందరూ జబ్బుల్లో ఉన్నారని తనే తర్వాత ఒక అమెరికన్ విలేకరికి చెప్పింది. చూసొచ్చి తేల్చిందేమిటంటే, మన శ్రేణుల్లో శత్రువుల ఏజెంట్లు దూరారు, కావాలని ఇలా చేస్తున్నారు అని. దాంతో నైరుతి నుంచి కొత్త నాయకులను పంపి వాయవ్యం నాయకులను ఏరేశారు. పైకి కట్టాల్సిన వడ్ల వాటా తగ్గించలేదు, గిన్నెలు తిరిగివ్వలేదు. చాలాచోట్ల కొత్తవాళ్ళొచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. కింది నాయకులు జనానికి చెప్పే నినాదం ఒకటుండేది: "నిన్ను ఉంచుకుంటే లాభం లేదు, నువ్వు పోతే నష్టం లేదు."

ఇంకొకరు, రాయలసీమ మిత్రుడు, వేరే వైపు నుంచి వచ్చాడు. "మరి 1876–78 ధాత కరువు మాటేమిటి? కర్నూలు, బళ్ళారి, కడపల్లో జనం రాలిపోతుంటే ధాన్యం రైలెక్కి రేవుకు పోయింది. కరువు చూడమని సర్కారు పంపిన టెంపుల్ దొర కరువు పనుల్లో కూలి రోజుకు ఒక పౌను ధాన్యానికి కోశాడు. దాన్నీ హత్యంటావా?" అన్నాడు. అంటాను. ఎవరికైనా ఒకటే కొలత ఉండాలి. తెల్లదొర విషయంలో "విధాన లోపం" అని, పోల్ పాట్ విషయంలో "రాక్షసత్వం" అని రెండు భాషలు మాట్లాడితే ఎటూ అర్థం కాదు. తేడా ఒకటుంది, అది కూడా చెప్పాలి. ధాత కరువులో వాన పడలేదు. పుర్సాట్‌లో వాన పడింది, సరస్సు నిండింది.

కోర్టు ఎక్కడ తడబడింది

2014 ఆగస్టులో, పోల్ పాట్ తర్వాతివాడైన నువోన్ చియా, దేశాధ్యక్షుడిగా ఉన్న ఖియూ సంఫాన్‌లకు పడిన జీవితఖైదు ప్రధానంగా ఈ రెండు తరలింపులకే. నాంపెన్‌లోని టూల్ స్లెంగ్ జైలును నడిపిన డుచ్ అనే అధికారికి అంతకుముందే శిక్ష పడింది. ఆ కేసు తేలిక. ఖైదీల ఫొటోలున్నాయి, సంతకాలున్నాయి, పన్నెండు వేలకు పైగా పేర్లున్నాయి. జనం చచ్చింది దారిలోనూ పొలంలోనూ అయితే ఎవరి సంతకం చూపిస్తారు?

2016 నవంబరులో అప్పీలు తీర్పు వచ్చింది. జీవితఖైదు అలాగే ఉంచారు కానీ, తరలింపుల్లో పోయినవాళ్ళ విషయంలో "సామూహిక నిర్మూలన" అన్న నేరం నిలవలేదు. దానికి జనాన్ని పెద్దఎత్తున చంపాలన్న ప్రత్యక్ష ఉద్దేశం రుజువు కావాలన్నారు. హత్య నేరం మాత్రం నిలిచింది. చస్తారని తెలిసీ, చస్తే చావనీ అని ముందుకెళ్ళడం హత్యేనన్నారు. 2018 తీర్పులో డ్యాముల దగ్గరా సహకార క్షేత్రాల్లోనూ తిండి లేక, మందు లేక పోయినవాళ్ళను కూడా ఇదే తర్కంతో హత్యల కింద చేర్చారు.

లాయర్ మిత్రుడొకాయన ఇది చాలా పెద్ద విజయమని, నేను సంతోషించాలని అంటాడు. కొంత నిజమే. తమ్ముడికి జరిగినదాన్ని చట్టం హత్య అన్నది, ఆవిడ అనలేకపోయింది. కానీ "చస్తే చావనీ" అన్నది నాకు చాలదనిపిస్తుంది. అది రోడ్డు మీద కళ్ళు మూసుకుని బండి నడిపినవాడికి సరిపోయే మాట. తిండికి ఉన్న దారులన్నిటినీ ఒక్కొక్కటే వెతికి మూసినవాడు కళ్ళు మూసుకోలేదు.

మన దేశం పాత్ర ఇందులో చిన్నదే, అయినా చెప్పాలి. 1980 జూలైలో ఇందిరాగాంధీ ప్రభుత్వం నాంపెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. అప్పటికీ ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఈ చావులకు కారణమైనవాళ్ళ ప్రతినిధి దగ్గరే ఉంది. పశ్చిమ దేశాలు, చైనా కలిసి దాన్ని ఇంకా ఏళ్ళపాటు కాపాడాయి.

ఇప్పటి చట్టం కూడా ఈ విషయంలో పెద్దగా ముందుకు పోలేదు. యుద్ధంలో పౌరులను పస్తులు పెట్టడాన్ని 1998 రోమ్ ఒప్పందం యుద్ధనేరం అంది, అదీ దేశాల మధ్య యుద్ధాల్లోనే. 2019లో సవరించి అంతర్యుద్ధాలను కూడా చేర్చారు. యుద్ధం ముగిశాక, సొంత ప్రజలనే, అంబలి గిన్నె ఒక్కటి చేతిలో పెట్టుకుని ఏలే ప్రభుత్వానికి ఆ నిబంధన తగలదు. దాన్ని మళ్ళీ "నిర్మూలన" కిందే పెట్టాలి, మళ్ళీ ఉద్దేశం రుజువు చెయ్యమంటారు. ఉద్దేశం కోసం "వీళ్ళను చంపండి" అన్న కాగితం వెతికితే దొరకదు. నా మటుకు నేను ఆ పాలన వేరే వేటిని నిషేధించిందో చూడమంటాను. ఇంట్లో పొయ్యి వెలిగించొద్దన్నారా, చేప పట్టొద్దన్నారా, జబ్బు మనిషి వాటా కోశారా, మరో చోట తిండి ఉందని తెలిసీ అక్కడికి పోనివ్వలేదా. కంబోడియాలో ఇవన్నీ జరిగాయి, సాక్షులు కోర్టులో చెప్పారు, తీర్పుల్లో నమోదయ్యాయి కూడా.